ఖాళీ చెంబు

సంతోష్‌నగర్‌లో మా టెక్నాలజీ సెంటర్ కింద ఒక పాలాయన బర్రెలు ఉండేవి. పాతబస్తీ పిల్లలకు ఉద్యోగాలు తేవడం మా సెంటర్ పని. పాలాయన పితికే ముందు, లోపల నీళ్లు లేవని ఖాళీ చెంబు బోర్లించి చూపేవాడు. కొనేవాళ్లెవరూ లేకపోతే గోడకు చూపేవాడు.

మేం ఆయనకు యాప్ చేసిచ్చాం. కొనేవాళ్లు ఇంట్లో కూర్చుని పాలు పితకడం ఫోన్‌లో చూడొచ్చు. ఫోన్ పట్టుకునే పని, బీటెక్ చదివినందుకు, ఉద్యోగం కోసం అక్కడ చేరిన నాకే ఇచ్చింది సెంటర్, జీతం లేకుండా.

"బర్రె మొఖం గాదు తమ్మీ, చెంబు కనవడాలె," అనేవాడు పాలాయన.

"బర్రె గూడ మస్తు నచ్చుతున్నదంట అన్నా."

"గట్లయితే దానికే ఇయ్యి నౌకరీ."

ఒకరోజు పెద్ద అధికారి తనిఖీకి వచ్చాడు. ఉద్యోగాలు రాకపోతే సెంటర్ మూసేస్తారు. ఎన్ని వచ్చాయని పాలాయననే అడిగాడు. అది పితికే వేళ. ఆయన అలవాటుగా చెంబు బోర్లించి చూపాడు.

"అర్థమైంది," అని అధికారి కారెక్కాడు.

సెంటర్ మూతపడింది. నేను బ్యాగు సర్దుకుని దిగుతుంటే పాలాయన ఆపాడు.

"ఏడికి వోతున్నవ్? రేపటిసంది జీతం నేనిస్త. ఫోన్ పట్టు."

మా సెంటర్ వల్ల వచ్చిన మొదటి ఉద్యోగం అది.