టెంకాయ పోయిన వైపు

మా కళింగపట్నంలో వంశధార వరద సముద్రంలోకి దిగే రోజుల్లో నీళ్లు రెండు పొరలుగా ఉంటాయి. పైన ఎర్రటి ఏటినీరు, నోట్లో పోసుకుంటే చప్పగా ఉంటుంది. కింద అసలు సముద్రం, చల్లగా, ఉప్పుగా. గట్టిగాలి కలియబెట్టేదాకా రెండూ కలవవు. వేసవిలో ఈ గొడవ లేదు, మీదా కిందా ఒకటే ఉప్పు. నాన్న వేసవిలో పోయినా బాగుండేదని ఆ వరదను తిట్టుకోని ఏడాది లేదు నాకు.

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర కెరటం నాన్నవాళ్ల పడవను తిరగేసింది. మిగతావాళ్లు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు. నాన్న రాలేదు. చీకటిపడేసరికి ఆశ వదిలేశాం. ఇక అమ్మ అడిగింది ఒక్కటే.

"ఒక్కసారి ఆ మొహం సూపించండ్రా. నా సేత్తో తానం సేయించి పంపుతాను."

మనిషి మునిగిన చోట పసుపు రాసిన టెంకాయ వదలడం మావాళ్ల పద్ధతి. అది ఎటు పోతే శవమూ అటే పోతుందని నమ్మకం. మర్నాడు పొద్దున్నే మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, వదిలాడు. ఎర్రనీళ్ల మీద అది ఉత్తరానికి పరుగెత్తింది. తెడ్లతో పడవను నిలబెట్టి నేను శవాన్ని వెతికే కొక్కేల తాడు కిందికి దింపాను. తాడు దక్షిణానికి వాలిపోయింది.

"మావా, కిందనీరు ఇటు లాగుతన్నాదేటి?"

"ఏ రాయికో తగిలుంటాది. గంగమ్మ కంటే నీకెక్కువ తెలుసేటిరా? టెంకాయ సూడు!"

రెండు రోజులూ ఉత్తరానే వెతికాం. మూడోనాడు ఎవరెవరి ఫోన్లలోనో తిరిగి తిరిగి ఒక ఫొటో మాకు చేరింది. నాన్న మొలతాడూ, దానికున్న వెండి తాయెత్తూ. దక్షిణాన, నాగావళి మొగ దాపున ఒక ఊరి ఒడ్డుకు కొట్టుకొచ్చాడట. ఆటోలో అమ్మను తీసుకుని పడుతూ లేస్తూ వెళ్లాం.

అప్పటికే పూడ్చేశారు. వాళ్లను అనడానికేముంది? పోలీసులు చూసి వెళ్లాక ముందురోజు సాయంత్రం దాకా కాచుకుని, ఇక ఉంచలేక ఆ పని చేశారు. అక్కడి ఒక పెద్దాయన తాయెత్తు తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ ఏడవలేదు.

"మొహం ఎలాగున్నాది, బాబూ?"

ఆయన తల వంచుకున్నాడు.

"నిన్న పొద్దున్న వచ్చుంటే నిద్దరోతున్నట్టే ఉన్నాడమ్మా."

నిన్న పొద్దున్న మేం ఉత్తరాన, టెంకాయ పోయిన వైపు ఉన్నాం.