వెనక్కి నడిచిన పాఠం

ఏలూరు కాలేజీలో తత్త్వశాస్త్ర చరిత్ర చెప్పడం మొదలుపెట్టి ఇరవయ్యేళ్ళు దాటింది. చిన్నప్పుడు మా స్కూలు ఆఫీసు గదిలో హెడ్మాస్టర్ల బోర్డు ఉండేది: ఎవరు, ఎప్పటినుంచి, ఎప్పటిదాకా. నా నోట్సూ అచ్చం అలాగే ఉండేది. ఒక తత్త్వవేత్త దిగితే ఇంకొకాయన కుర్చీ ఎక్కేవారు.

అమ్మ తాడేపల్లిగూడెంలో నాతోనే ఉంటుంది. ఉండి అనే ఊరి చుట్టుపక్కల పొలాల్లో నాట్లు వేసి నన్ను ఎమ్మే చదివించింది. ఆ చదువుతో నేనేం చేస్తున్నానో మాత్రం ఆమెకు తెలియదు. నేనూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే, విని ‘ఇంతేనా’ అంటుందేమోనని భయం.

మొన్న వానాకాలంలో ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక అడిగేసింది.

“పిల్లలకి చెప్పేది నాకూ ఒకసారి చెప్పమ్మా.”

నా నోట్సులో మొదటాయన, పాతకాలపు గ్రీకు ఆయన, లోకమంతా నీరే అన్నాడని చెప్పాను.

“కొల్లేటి పక్కన పుట్టినదాన్ని, నాకు చెప్తావా! తర్వాత?”

తర్వాతాయన నీరు కాదు, గాలి అన్నాడు. ఇంకొకాయన నిప్పన్నాడు.

“అందరూ చెప్పేవాళ్ళేనా? అడిగినోళ్ళు ఎవరూ లేరా?”

నాకు ఒళ్ళు మండింది. సిలబస్ అంతేనన్నాను. అమ్మ నవ్వి తన నాట్ల సంగతి ఎత్తింది. దేవుడికి అన్నీ తెలిసినప్పుడు మళ్ళీ ప్రార్థనెందుకని వరసలో ఒకామె అడిగిందట. మరొకామె ఏదో చెప్పిందట, పక్కామె ఒప్పుకోలేదట. ఆ వాదన నాట్లయ్యేదాకా సాగిందట.

“నాట్లేసేవాళ్ళం వెనక్కే కదమ్మా నడుస్తాం. వేసింది కళ్ళెదురుగా కనపడుతుంటుంది. ముందుకు నడిస్తే తొక్కేస్తాం.”

ఇన్నేళ్ళూ నేను ఆ పెద్దల వెనకున్న ప్రశ్నల్ని తొక్కుకుంటూనే వచ్చానని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది.

సోమవారం క్లాసులో నోట్సు సంచిలోంచి తీయలేదు. మీకు తెగని ప్రశ్న ఒకటి చెప్పండి అన్నాను. కామవరపుకోట నుంచి బస్సులో వచ్చే అమ్మాయి లేచింది.

“మంచివాళ్ళకే కష్టాలెందుకండీ?”

అక్కణ్ణుంచి వెనక్కి నడిచాం. ఇదే మాట మనకు ముందు ఎవరడిగారు, వాళ్ళకంటే ముందు ఎవరు, ఎవరి జవాబు ఎవరు ఒప్పుకోలేదు. నా బోర్డు మీది పెద్దలంతా దారిలో తగిలారు. ఈసారి వాళ్ళూ అడిగేవాళ్ళలాగే కనపడ్డారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. గొప్పలెందుకు, ఒకడు లేచాడు, వాడికి రైలుంది.

సాయంత్రం గోరుచిక్కుడు ఈనెలు తీస్తూ అమ్మ అడిగింది.

“ఇవాళ పిల్లలేం అడిగారు?”

చెప్పాను. ఆమె చెయ్యి ఆగింది.

“అది మా వరసలోనూ అడిగారే! ఇంకా తేలలేదా?”

“లేదమ్మా.”

“అయితే నీ ఉద్యోగానికి ఢోకా లేదులే” అని, తృప్తిగా ఇంకో కాయ అందుకుంది.