అద్దం వెనకాల మాటలు

కబుర్లాయన సెలూన్లో కుర్చీ ఒక్కటే. బెంచీ మీద మాత్రం ఎప్పుడూ నలుగురు. గడ్డానికి ఒకడొస్తే, కబుర్లకి ముగ్గురొచ్చేవారు. లోకంలో సంగతులన్నీ చెప్పేవాడు గానీ, కుర్చీలో మనిషి గొంతు తగ్గించి చెప్పిన మాట మాత్రం ఆయన కడుపు దాటేది కాదు. కట్టుకున్నావిడ కూడా లాగలేకపోయింది, పాపం ఎన్ని తంటాలు పడిందో!

ఎదురుగా టైలర్ కొట్టు. ఆ టైలర్ ఈయనకి తమ్ముడి లెక్క. వాళ్లకి పేచీ వచ్చింది ఒక్కసారే, ఈయన అతని కత్తెర తీసి కాగితం కోసినప్పుడు. "గుడ్డ తప్ప ఇంకేం కోసినా దీని పదును చస్తుందన్నా! ఇది నా ప్రాణం!" అని మూతి ముడుచుకుని, వారం దాకా పలకలేదు.

ఆమధ్య కబుర్లాయన అక్క కొడుకు దిగాడు. ఆర్టిస్టు. "మామయ్యా, దేశమంటే ఏంటో నీ సెలూన్లోనే తెలుస్తుంది. ఓ మూల కూర్చుని బొమ్మలేసుకుంటా" అన్నాడు. మేనమామ ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

ఓ మధ్యాహ్నం మేనల్లుడు భోజనానికి వెళ్లాడు, బెంచీ ఖాళీ. కుర్చీలో గడ్డం గీయించుకుంటున్న టైలర్ సబ్బు నురగలోంచే అన్నాడు.

"అన్నా, మా నాన్న ఈ దేశంలో పుట్టలేదు. చిన్నప్పుడు సరిహద్దు దాటించి తెచ్చారట. పోయేముందు నాకొక్కడికే చెప్పాడు. బయటపడితే నన్నిక్కడ బతకనివ్వరు."

"నాకేదో చెప్పావా? ఏం గుర్తు లేదే!" అన్నాడు కబుర్లాయన. టైలర్ తేలిగ్గా నవ్వాడు.

అల్లుడు వెళ్తూ పాత కుర్చీ, అద్దం ఎగ్జిబిషన్‌కి అడిగితే, ఈయన తనే మోసి మరీ బండెక్కించాడు. మొదటిరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వీధినంతా వెంటేసుకెళ్లాడు. తెల్లటి గదిలో తన కుర్చీ, తన అద్దం, పక్కన 'మన దేశం' అని అక్షరాలు. కళ్లనీళ్లు తిరిగాయి.

"ముందు నువ్వే కూర్చోవాలిరా తమ్ముడూ!" అని టైలర్ని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

కూర్చోగానే అద్దం వెనకాల్నుంచి గొంతు. టైలర్ గొంతే.

"అన్నా, మా నాన్న ఈ దేశంలో పుట్టలేదు..."

చివరిదాకా వినిపించింది. "ఏం గుర్తు లేదే!" దగ్గర కొత్తవాళ్లు చప్పట్లు కొట్టారు. వీధివాళ్లు కొట్టలేదు.

"అంటే... మనవాడు కాదా?" అన్నాడు పాలాయన.

టైలర్ లేచాడు. "చెయ్యి పట్టుకుని నువ్వే కూర్చోబెట్టావు కదన్నా" అని వెళ్లిపోయాడు.

"ఏం పెట్టావురా దాని వెనకాల?" అని అల్లుడి చొక్కా పట్టుకున్నాడు కబుర్లాయన.

"రికార్డర్ మామయ్యా, సెలూన్లో ఉన్నప్పుడే పెట్టా. ముందే చెబితే ఎవరూ మామూలుగా మాట్లాడరు. అయినా ఎవరి పేరూ పెట్టలేదుగా! అన్నిట్లోకీ ఆ ముక్కే అందరికీ నచ్చింది."

"మా అక్క కడుపున ఎలా పుట్టావురా దౌర్భాగ్యుడా! నా ఇంట్లో తిని నా గొంతే కోశావు కదరా!"

ఆ సాయంత్రమే టైలర్ కొట్టు గుమ్మంలో నిలబడి, "ఒట్టు తమ్ముడూ, నాకు తెలీదు" అన్నాడు కబుర్లాయన. కుట్టుమిషను ఆగలేదు. నమ్మాడేమో కూడా. నమ్మితే మాత్రం ఏం లాభం? అప్పటికే పాలాయన కుట్టడానికిచ్చిన గుడ్డ వెనక్కి తీసుకుపోయాడు. సెలూన్ బెంచీ మీద కూర్చున్నవాళ్లు కొత్త అద్దం వంక అనుమానంగా చూసి, పేపర్లో తల దూర్చేవారు. అల్లుడికి మాత్రం ఏదో బహుమతి వచ్చిందట, వాడి మొహం మండ!

ఓ పొద్దున షట్టర్ ఎత్తుతూ కబుర్లాయన ఎదురుగా చూశాడు. కొట్టు కిటికీ ముందు టైలర్ నిలబడి ఉన్నాడు. అన్నాళ్లుగా పెరిగిన గడ్డం. ప్రాణంలా చూసుకునే ఆ గుడ్డ కత్తెరతో తనే దాన్ని కత్తిరించుకుంటున్నాడు.