చివరి పేజీ దాకా

డిస్క్ తిరుగుతున్నప్పుడు వచ్చే సన్నని గుయ్యిమనే చప్పుడు వింటే ఇప్పటికీ నా కళ్లు వాటంతటవే మూతపడతాయి. ఎల్లారెడ్డి కాలేజీ గ్రంథాలయం, కిటికీలోంచి పడే ఎండ, అందులో తేలుతున్న దుమ్ము, పక్కన అనసూయ మేడం. ఆ మధ్యాహ్నం ఇంకా అయిపోలేదనిపిస్తుంది.

ఆమె కామారెడ్డి కాలేజీలో లైబ్రేరియన్, నేను ఆమె సహాయకురాలిని. మా ప్రాంతపు అధ్యాపకులు పరిశోధన వ్యాసాలు రాసిన చిన్న పత్రిక ఒకటి ఉండేది. అది ఆగిపోయింది, కొన్నాళ్లకు దాని వెబ్‌సైటూ మాయమైంది. ముందే పసిగట్టిన మేడం, సంపాదకుడిని అడిగి వ్యాసాలన్నీ దాచిపెట్టారు. ఒక ప్రతి మా కంప్యూటర్లో, ఒకటి హార్డ్‌డిస్కులో, ఇంకొకటి డిస్కుల మీద ఎల్లారెడ్డిలో. ఏటా వేసవి సెలవుల్లో మూడు చోట్లా ప్రతి వ్యాసాన్నీ తెరిచి, చివరి పేజీ దాకా చూసి, రిజిస్టర్లో సంతకం పెట్టాలి. నాకు ఒళ్లు మండేది. పేర్లన్నీ కనిపిస్తూనే ఉన్నాయి కదా అని ఒకసారి సణిగాను.

"పేరు సూసి ఉన్నదనుకుంటే ఎట్ల? తెరిస్తెనే ఉన్నట్టు," అన్నారు, తల ఎత్తకుండానే. బీబీపేటలో పుట్టిన మనిషి, నాతో మాట్లాడేటప్పుడు ఆ యాస దాచుకునేవారు కాదు.

ఆమె రిటైరైన ఏడాది నేను ఏదీ తెరవలేదు. పేర్లు సరిచూసి, మా కంప్యూటర్లోవి హార్డ్‌డిస్కులో పాతవాటి మీద ఎక్కించేసి, అన్నీ తెరిచి చూశానని రాసి సంతకం పెట్టాను. ఎల్లారెడ్డి దాకా పోనే లేదు.

ఆ చలికాలంలో పెద్దకొడప్‌గల్ దగ్గరి పల్లె నుంచి సాయవ్వ అనే కూలీ వచ్చింది. చెరుకు కొట్టడానికి వలసపోయే ఆడవాళ్ల గురించిన వ్యాసంలో, చనిపోయిన వాళ్లమ్మ (ఆమె అవ్వ అనేది) చెప్పిన మాటలు అచ్చయ్యాయట.

"మా అవ్వ ఫొటో గిట్ల ఏం లేదు మేడం. ఆమె మాటలన్న సదివి వినిపిస్తరా?"

తెరిచాను. అన్నీ తెల్ల పేజీలే. హార్డ్‌డిస్కులోనూ అంతే. మా కంప్యూటర్లో చెడిపోయినదాన్ని హార్డ్‌డిస్కులోని మంచిదాని మీద ఎక్కించింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. వారం తర్వాత రమ్మని ఆమెను పంపేసి, మేడంకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పేశాను. ఆమె తిట్టలేదు. ఎల్లారెడ్డి డిస్కుల జోలికి పోలేదు కదా అని మాత్రం అడిగారు. నా బద్ధకమే వాటిని కాపాడింది.

వారానికి సాయవ్వను వెంటబెట్టుకుని ఎల్లారెడ్డి వెళ్లాను, మేడం అక్కడికే వచ్చారు. డిస్క్ చాలాసేపు తిరిగింది. ఎండ బల్ల మీది నుంచి మెల్లగా జరుగుతోంది. అప్పుడు, నీళ్లలోంచి తేలినట్టు, అక్షరాలు వచ్చాయి. చివరి పేజీలో ఉన్నాయి ఆ తల్లి మాటలు. పైకి చదివాను. "చెరుకు కొట్టంగ బిడ్డను పండవెట్టనీకె నీడ లేకుండె. నా కొంగే నీడ చేసిన."

సాయవ్వ కళ్లు మూసుకుని విన్నది. "ఆ బిడ్డను నేనే," అన్నది.

మర్నాడు మేడం కామారెడ్డి వచ్చారు. రిజిస్టర్లో నా అబద్ధం మీద నేను గీత గీయబోతుంటే చెయ్యి పట్టుకున్నారు.

"కొట్టెయ్యకు. అది గూడ ఉండనియ్యి. పక్కన నిజం రాయి."

రాశాను. ఇప్పుడు లైబ్రేరియన్ని నేనే. ఏటా వేసవిలో ముందు ఆ రిజిస్టర్ తెరిచి నా రెండు వాక్యాలూ చదువుకుంటాను. తర్వాత సాయవ్వ వాళ్లమ్మ దగ్గర మొదలుపెడతాను.