పెద్దమ్మ మరచెంబు

నా చిన్నప్పుడు, ఆరో తరగతి చదువుతున్న ఏడాది, మా పెద్దమ్మ నన్నొక ఉపన్యాసానికి తీసుకెళ్లింది. తర్వాత పత్రికలో చేరి ఎన్ని సభలు చూశానో, ఎన్ని ప్రసంగాలు వార్తలుగా రాశానో లెక్కలేదు. ఇప్పుడు మైకు సవరించే చప్పుడు వినగానే ఒంట్లో నీరసం కమ్ముతుంది. అయినా ఏ సభలో కూర్చున్నా ఆ మొదటిదే గుర్తొస్తుంది.

మాది ఉద్దానంలో, పలాసకీ సముద్రానికీ మధ్య ఉన్న ఊరు. అప్పటికే మా వైపు కిడ్నీ జబ్బు వీధి వీధికీ వచ్చేసింది. పెదనాన్నకూ వచ్చింది. రక్తం శుద్ధి చేయించుకోవడానికి పలాసలో రైలెక్కి విశాఖపట్నం వెళ్లొచ్చేవాడు. వచ్చాక గోడకు ఆనుకుని కూర్చుండిపోయేవాడు. పక్కన కొడుకు కూర్చుంటే తప్ప అన్నం ముట్టేవాడు కాదు. ఆ కొడుకు నాకంటే ఏడాది పెద్ద. పెద్దమ్మ పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి పనికి వెళ్లేది. గింజలు కొట్టీ కొట్టీ ఆమె వేళ్లు జీడి రసానికి నల్లగా కమిలిపోయి ఉండేవి.

జబ్బుకు మా బావుల నీళ్లే కారణమని కొందరు, కాదని కొందరు అనేవారు. పెద్దమ్మ తేల్చుకోవలసింది ఒక్కటే. నీళ్లే అయితే కొడుకును శ్రీకాకుళంలో హాస్టల్లో చేర్చాలి. కాకపోతే తండ్రి దగ్గరే ఉంచాలి. అదెవరిని అడగాలో ఆమెకు తెలియలేదు.

ఒకరోజు కొందరు విద్యార్థులు ఆటోకు మైకు కట్టుకుని ఊళ్లోకి వచ్చారు. టెక్కలి వైపున్న యూనివర్సిటీ క్యాంపస్‌లో పెద్ద డాక్టరుగారు మన జబ్బు గురించి ప్రసంగిస్తారని, అందరూ రావచ్చని చెప్పి వెళ్లిపోయారు. ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆ ‘అందరూ’లో తనూ ఉన్నానని పెద్దమ్మ ఒక్కతే నమ్మింది. పని మానుకుంది. ఆయన ఇంగ్లీషులో మాట్లాడితే విడమర్చి చెప్పడానికి నన్ను బయల్దేరదీసింది. మరచెంబు నిండా మా బావి నీళ్లు పట్టి, మూత బిగించి, సంచిలో పెట్టుకుంది. బస్సులో దాహమేసి ఆ చెంబు ఇమ్మన్నాను.

“ఇయి తాగడానికి కాదే పిల్లా, అడగడానికి” అంది.

హాలు గుమ్మం దగ్గర ఒక లెక్చరర్ ఆపి, ఎవరి తాలూకని అడిగాడు. “జబ్బు తాలూకు బాబూ” అంది పెద్దమ్మ. ఆయన చివరి వరసలో కుర్చీలు చూపించాడు.

డాక్టరుగారు బాగా ఆలస్యంగా వచ్చారు. పరిచయాలు, పూలగుచ్ఛాలు, శాలువాలు అయ్యాయి. వేదిక మీద అందరికీ కొబ్బరిబొండాలు అందించారు. తర్వాత ఇంగ్లీషులో ప్రసంగం, తెర మీద గీతలూ అంకెలూ. పెద్దమ్మ మోచేత్తో పొడుస్తూనే ఉంది.

“ఏటంతన్నాడే?”

“నీళ్లంటున్నాడు.”

“మంచివనా, సెడ్డవనా?”

“అది తెలీలేదు.”

“మీ బడిలో మరేటి సెప్తన్నారే” అని నిట్టూర్చింది.

మధ్యలో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, తెర ఆరిపోయింది. ఆయన ఉక్కలోనే గొంతు పెంచి మాట్లాడారు. చివర వందన సమర్పణ ప్రసంగమంత సాగింది. పలాసలో డాక్టరుగారి రైలుకు వేళవుతోంది కాబట్టి ప్రశ్నలకు వ్యవధి లేదన్నారు.

అప్పటికే పెద్దమ్మ నన్ను లాక్కుని బయటికి నడిచింది. ఆయన కారు పక్కన నిలబడి, మరచెంబు మూతగా ఉన్న గ్లాసులో నీళ్లు వంచింది. డాక్టరుగారు సగం తాగిన బొండంతోనే వచ్చారు. ఆమె గ్లాసు ముందుకు చాపింది.

“ఎండన పడి వొచ్చినారు బాబూ. దాహం పుచ్చుకోండి.”

“ఇప్పుడే బొండం తాగానమ్మా.”

“ఆ సెట్టు తాగింది కూడా మా నీళ్లే కదా బాబూ.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. బొండం ఎవరి చేతికో ఇచ్చి గ్లాసు అందుకున్నారు. పెద్దమ్మ వేళ్ల వంక చూశారు. గ్లాసు నోటి దాకా వెళ్లలేదు.

“నా కొడుకు ఇయే తాగుతన్నాడు. తాగనిమ్మంటారా, మాన్పించీమంటారా?”

ఆయన గ్లాసులో నీళ్లకేసి చూశారు. ఎవరో కారు తలుపు తీసి పట్టుకున్నారు.

“నాకు తెలీదమ్మా” అన్నారు చివరికి. “మాలో ఎవరికీ ఇంకా తెలీదు. వెతుకుతున్నాం.”

చుక్క ఒలకకుండా గ్లాసు తిరిగి ఇచ్చి కారెక్కారు.

నాకు ఏడుపొచ్చింది. ఈ మాట కోసం ఇంత దూరం రావాలా అనిపించింది. పెద్దమ్మ మాత్రం ఆ నీళ్లను చెంబులోకి వంపుకుని, నెమ్మదిగా టెక్కలి బస్టాండుకు నడిపించింది. అక్కడ నాకు గోలీసోడా కొనిచ్చింది. తను నిలబడే, మరచెంబెత్తి ఆ నీళ్లన్నీ తాగేసింది.

“తాగేశావేటి పెద్దమ్మా” అన్నాను భయపడి.

“ఇన్నాళ్లూ అందరూ తెలిసినట్టే సెప్పినారే. తెలీదన్నోడు ఈయనొక్కడే. తాగనూ నేదు, తాగమననూ నేదు. ఇంకేటి గావాల?” అని చీరచెంగుతో మూతి తుడుచుకుంది. “తెలిసీదాకా మేం తాగుతాం. పిల్లలెందుకు?”

వారం తిరక్కుండా కొడుకును హాస్టల్లో చేర్చింది. బస్సెక్కించి వచ్చిన పూట పెదనాన్న అన్నం ముట్టలేదు. ఆ వర్షాకాలంలోనే ఆయన పోయాడు. కబురందుకుని వాడు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ సంగతి పెద్దమ్మ ఎప్పుడూ ఎత్తలేదు, వాడూ అడగలేదు.

కారణం ఫలానా అని ఈనాటికీ ఎవరూ గట్టిగా తేల్చలేదు. ఆ జబ్బు మీదే ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. మాటలు మారాయి, శాలువాలు మారలేదు. తెలీదు అన్న మాట వేదిక మీద నాకు ఎక్కువగా వినిపించలేదు. వినిపించిన రోజున దాన్నే వార్తకు మొదటి వాక్యం చేశాను. పత్రిక డెస్కులో ఆ వాక్యం కొట్టేసినా మళ్లీ అలాగే రాశాను.

వందన సమర్పణ మొదలవగానే ఇప్పటికీ లేచి బయటికొస్తాను. అతిథి కారు పక్కన కాసేపు నిలబడతాను. చాలాసార్లు అక్కడ డ్రైవరు తప్ప ఎవరూ ఉండరు. ఎవరైనా కాచుకుని ఉంటే మాత్రం, వాళ్ల చేతిలో ఏముందో ముందు చూస్తాను.