అచ్చెన్న చూడని ఘటం

బర్మాలోని పజుండౌంగ్ పేట తెలుగువాళ్ళలో అతన్ని మైకు అచ్చెన్న అనేవారు. తాత ఓడరేవులో బియ్యం బస్తాలు మోసి నడుం పోగొట్టుకున్నాడు. తండ్రి పెళ్ళిళ్ళకీ చావులకీ మైకుసెట్టు కట్టి చెవులు పోగొట్టుకున్నాడు. అచ్చెన్న పెళ్ళి వీడియోలు తీసి పెళ్ళాన్నే పోగొట్టుకున్నాడు. ఊరందరి విందులకూ పోయేవాడు గానీ ఇంటికి భోజనం వేళకు రాడని ఆవిడ పుట్టింటికి పోయి మళ్ళీ తిరిగి చూడలేదు. పోనీ ఆ వీడియోలైనా చూడముచ్చటగా ఉండేవా అంటే, సగం పెళ్ళికూతుళ్ళకు తలలు తెగేవి.

రోగం వచ్చి జనం ఇళ్ళలో దాక్కున్న ఏడాది అతనికి కొత్త పని పుట్టింది. గుళ్ళో పూజను కెమెరాతో పట్టి, అప్పటికప్పుడు ఇళ్ళలో ఫోన్లకు పంపడం. దానికి కావలసిన సాఫ్ట్‌వేరును చౌక్తడా పేటలో కంప్యూటర్లు బాగుచేసే రాజమోహన్ చూపించాడు. దేశదేశాలవాళ్ళు ఎవరికి తోచిన ముక్క వాళ్ళు రాసి, వాడుకోండి, విప్పి చూసుకోండి, బాగుచేయండి అని ఊరికే వదిలేసింది అది. అచ్చెన్న దాన్ని తను అప్పా అని పిలిచే అక్క మంగాయమ్మకు ఇలా చెప్పాడు:

“గొట్టాలప్పా. ఈ గొట్టంలోకి కెమెరా బొమ్మొస్తాది. పక్క గొట్టం దాన్ని నలిపి సన్నం సేస్తాది. ఇంకోటి నెట్టులోకి తోసీస్తాది. ఒకదానికొకటి బిగించడమే నా పని.”

“కుళాయిలు బిగించీవోడివైపోనావన్నమాట. మరి మీ ఇంట్లో కారతన్న కుళాయి నీకవుపడదేట్రా?” అంది మంగాయమ్మ.

తల్లి పోయాక అచ్చెన్నను చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఏటా కొత్త అమావాస్యనాడు నూకాలమ్మ ఘటం ఎత్తేదీ ఆవిడే. పసుపు రాసిన కుండ, చుట్టూ వేపరెమ్మలు, పైన దీపం. అది తలమీద పెట్టుకుని డప్పుల వెనక నడుస్తుంటే బర్మావాళ్ళు కూడా గుమ్మాల్లోకి వచ్చి, వాళ్ళ భాషలో మర్యాదగా “డౌ మంగా వస్తోంది” అని చేతులు జోడించేవారు. ఘటం లేచేదాకా ఆవిడ పచ్చి మంచినీళ్ళు ముట్టదు.

పోయిన వానాకాలం జారిపడి తుంటి విరిగింది. ఊరి చివర మింగళాడోన్‌లో కోడలు పద్మిని ఇంట మంచం పట్టింది. చక్కెర జబ్బు మనిషి. వేళకు ఏదో ఒకటి లోపల పడకపోతే ఒళ్ళు చల్లబడి కళ్ళు తేలేస్తుంది. అయినా మొక్కు వదలదే. “మొయ్యలేకపోతే మానె, కళ్ళతో సూసి, అప్పుడు గంజి తాగుతాను” అంది. అంటే అప్ప ప్రాణం వచ్చి తమ్ముడి గొట్టాల్లో పడింది.

రోగం వచ్చిన మరుసటేడు సైన్యం గద్దెనెక్కింది. వీధుల్లో మొదట గిన్నెలూ పళ్ళేలూ మోగాయి, తర్వాత తుపాకులు మోగాయి. ఫోన్లకు నెట్టు కోసేశారు. ఇళ్ళకు తీగమీద వచ్చేది మాత్రం మిగిలింది, అదీ తాగినవాడి నడకలాగ. దారి పొడుగునా తనిఖీలు. టచ్ ఫోను కనబడితే విప్పి చూస్తారని, గుమ్మం దాటినవాళ్ళంతా బొత్తాల ఫోన్లే పట్టుకుపోయేవారు.

పండగ దగ్గరపడగా రాజమోహన్ కబురు చేశాడు. ఆ గొట్టాల సాఫ్ట్‌వేరుకు కొత్త వెర్షన్ విడుదలైందట. నెట్టు తెగి తెగి వచ్చినా బొమ్మ ఆగదట. అచ్చెన్న సందులంట నడిచి చౌక్తడా పోయి, పెన్‌డ్రైవును చొక్కా మడతలో దోపుకున్నాడు.

“పాతది తీసీకు మావా. రెండూ ఉంచుకో. ముందో పాలి నడిపి సూసుకో,” అన్నాడు రాజమోహన్.

“కొత్త కుండ పొయ్యెక్కినాక పాత కుండ ఇంట్లో ఉంచుతామేట్రా?”

“కంప్యూటరుకి కుండలేటి మావా!”

“అమ్మోరి పనికి ఏదైనా కుండే. నడిపి సూడాలంట! నైవేద్యం రుచి సూసి పెడతారేట్రా మీ ఇంట్లో?”

రాజమోహన్‌కు నవ్వొచ్చింది. నవ్వే రోజులు కాకపోయినా నవ్వాడు. అదే వాడు చేసిన తప్పు, గట్టిగా నాలుగు తిట్టాల్సింది.

కొత్త అమావాస్యనాడు పొద్దున్నే అచ్చెన్న తలంటుకున్నాడు. ల్యాప్‌టాప్‌కు పసుపు రాసి బొట్టు పెట్టాడు. పాత వెర్షన్‌ను ఆనవాలు లేకుండా తుడిచేసి కొత్తదాన్ని ఎక్కించాడు. రుచి చూడలేదు. గుడి పక్క కొట్టువాళ్ళ నెట్టు తీగ లాక్కుని, కెమెరా పెట్టి, కూర్చున్నాడు.

గుళ్ళో ఉన్నది నలుగురే. పూజారి, ఘటం ఎత్తే వెంకమ్మ, గుడి పెద్ద బుల్లియ్య, అచ్చెన్న. అంతకు మించి గుమిగూడకూడదు.

“డప్పొద్దు. కేకొద్దు. గుడి సుట్టూ ఒక్క తిరుగుడు, అక్కణ్ణించి ఏటికే,” అన్నాడు బుల్లియ్య. “గస్తీ బండి ఒచ్చీలోపు అయిపోవాల.”

అచ్చెన్న గొట్టాలు బిగించాడు. తెర నల్లగా ఉంది. విప్పి మళ్ళీ బిగించాడు. నలుపే. కెమెరాకూ కంప్యూటరుకూ నడుమ ఉండే డబ్బాను ఆ కొత్త వెర్షన్ ఎరగనే ఎరగదు. బొత్తాల ఫోనులో రాజమోహన్‌ను పట్టుకున్నాడు.

“ఆ డబ్బా మరీ పాతది మావా. ఎవులూ వాడతన్నేదని ఈపాలి ఆ గొట్టం పీకీసినారంట.”

“నాను వాడతన్నాను గదరా!”

“పజుండౌంగ్‌లో నువ్వున్నావని ఆలకెలగ తెలస్తాది మావా? ఎవులైనా సెప్పాల గదా. మనకి సెప్పడానికి నెట్టేదీ?”

పాతదాన్ని నెట్టులోంచి మళ్ళీ దింపుకోవడం మొదలెట్టాడు. తెరమీద ఎంత దిగిందో చూపే గీత చీమలా పాకుతోంది. ఒకచోట ఆగి, ఆలోచించి, మళ్ళీ పాకుతోంది. కనీసం తీసి దాచుకుందామన్నా ఆ గొట్టాల్లోంచే కావాలి. కెమెరాలో కార్డు పెట్టే చోటు ఏనాడో పాడైంది.

“బుల్లియ్యబాబూ, కూసింత ఆగండి.”

“అమ్మోరు ఆగుతాది. బండి ఆగుతాదా? ఎత్తీయే వెంకమ్మా!”

అచ్చెన్న తల గీతమీదే ఉంది. వెనక ఎక్కడో గజ్జె కదిలింది, సాంబ్రాణి వాసన మొహానికి కొట్టి పోయింది. గీత సగం కూడా పాకలేదు. అతను తలెత్తేసరికి గుళ్ళో ఎవరూ లేరు. ఫోను మోగింది, పద్మిని.

“మావయ్యా, తెర నల్లగానే ఉందండి. అత్తకి సెమట్లు పోస్తన్నాయి. గంజి గ్లాసు తోసీసినాది. మాటాడండి.”

“లేచిందేట్రా గటం?” మంగాయమ్మ గొంతు పీలగా ఉంది.

“లేచిందప్పా. తాగీ, తొరగా.”

“డప్పేదిరా?”

“డప్పొద్దన్నారప్పా.”

“డప్పు నేకుండా గటమెలగ లేస్తాదిరా? ఎవులెత్తినారు?”

“వెంకమ్మ.”

“కుడికాలు ముందెట్టిందా? గడప దాటినప్పుడు దీపం కొండెక్కనేదు గదా?”

గుళ్ళో ఘటం లేచి, వీపు వెనకనించి నడిచిపోతే, గీత చూస్తూ కూర్చున్నవాడు అచ్చెన్న.

“నేదప్పా, నిలబడింది,” అన్నాడు.

“నువ్వు సూడనేదు.”

“అప్పా...”

“నా సంకలో పెరిగినోడివి. నీ అబద్ధం నాకు తెల్దేట్రా?”

ఏటి దగ్గరనించి వచ్చిన వెంకమ్మ ఫోను లాక్కుంది. “వదినా, నా మీదొట్టు, దీపం నిలబడింది. నీ బదులు నానే మోసినాను. తాగమ్మా.”

“నువ్వు మోసినావు, నీ పున్నెం నీది. నాను సూడాల, సూడనేదు.” అంది మంగాయమ్మ. అత్త మొహం గోడవైపు తిప్పేసుకుందని పద్మిని ఏడుస్తూ చెప్పింది. డాక్టర్ని పిలుద్దామంటే సైన్యంమీద సమ్మెతో ఆ చుట్టుపక్కల ఆస్పత్రులు మూసే ఉన్నాయి.

అచ్చెన్న ఘటం కడిగిన పసుపునీళ్ళు సీసాలో పట్టుకుని బయల్దేరాడు. నోట్లో పోస్తే అమ్మోరి తీర్థం కాదనదని ఆశ. ఒక టాక్సీవాడు కొంత దూరం తెచ్చి, ఆపైన రానన్నాడు. నడిచాడు. మింగళాడోన్ దారిలో ఇసుక బస్తాల దగ్గర సిపాయి ఆపాడు. మీసం రాని మొహం, చేతిలో తుపాకీ. సీసా మూత తీయించి వాసన చూశాడు. ఏమిటిదన్నాడు. దేవుడి నీళ్ళు, మా అక్కకు అన్నాడు అచ్చెన్న బర్మాలో. సిపాయి వెనక్కి పొమ్మన్నాడు. అచ్చెన్న మోకాళ్ళమీద పడ్డాడు. పొమ్మనే అన్నాడు.

రోడ్డు పక్క నిలబడి పద్మినికి ఫోను చేశాడు. అత్త చెవి దగ్గర పెట్టమన్నాడు.

“అప్పా, ఆపీసినారు. ఇక్కడే ఉన్నాను.”

“ఇంటికెల్లిపోరా. పొద్దోతే కాల్చీస్తారు.”

“ఎల్తాను. నువ్వు తాగినావా అప్పా?”

గంజి గ్లాసు మళ్ళీ తోసేసిన చప్పుడు వినబడింది. అచ్చెన్న మళ్ళీ అడిగాడు. ఎవరో అవతల ఫోను పెట్టేశారు.