బట్టీ పొగ, ఊటీ గాలి

మా కెమిస్ట్రీ మాస్టారు పోయారని మొన్న ఉదయం కబురొచ్చింది. సాయంత్రం సంతాపసభలో మొదట మైకు అందుకున్నవాడు ఇటుక బట్టీ ఆసామి. "గాలి బాగుండాలని తపించిన మహానుభావుడండీ మాస్టారు!" అన్నాడు. సిగ్గనేది ఉంటే ఆ మాట గొంతులోనే ఆగిపోయేది.

నూజివీడులో మాస్టారిది మా పక్కిల్లు. ఆయన భార్యను నేను పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి. ఆవిడకు ఉబ్బసం. వీధి చివర మామిడితోటల మధ్య బట్టీ పెట్టాక వంటింట్లోంచి వాకిట్లోకి వచ్చినా ఆయాసమే. పడుకుంటే ఊపిరాడక రాత్రిళ్లు గోడకానుకుని కూర్చునే కునుకు తీసేవారు. మాస్టారు వెళ్లి బతిమాలితే ఆసామి నవ్వాడు.

"ఊటీ తీసుకెళ్లండి మాస్టారూ. కొండల మీద ఓజోన్ ఉంటుందంట. ఒంటికి మహా మంచిదంట."

చదువుకున్న పెద్దమనుషులూ తలాడించారు. మాస్టారు ఎవరితోనూ వాదించేవారు కాదు. "ముందు చూద్దాంరా, తర్వాత మాట్లాడదాం" అనేవారు.

వేసవి సెలవుల్లో పిన్నిగారిని నిజంగానే ఊటీ తీసుకెళ్లారు. గంజి, పొటాషియం అయొడైడ్ పట్టించిన కాగితం ముక్కలు కూడా పట్టుకెళ్లారు. ఓజోన్ తగిలితే అవి నీలంగా మారతాయి. తిరిగొచ్చాక రెండు ముక్కలు ఆసామి ముందు పెట్టారు. ఊటీలో ఉంచింది నీలం, మా వీధిలో ఉంచింది తెలుపు.

"చూశారా! మన గాలే శుభ్రం!" అన్నాడు ఆసామి. నిన్నటిదాకా ఓజోన్ అమృతమన్నదీ ఆ నోరే.

"కాదండీ" అన్నారు మాస్టారు. "బట్టీ పొగలో గంధకం ఉంటుంది. అది నీలాన్ని రానివ్వదు. ఇక ఓజోనంటారా, పీల్చే గాలిలో ఎక్కువైతే అదీ ఊపిరితిత్తులకు చెరుపే. అక్కడా మా ఆవిడ దగ్గుతూనే ఉంది. అక్కడి గాలికి ఎవర్ని అడగాలో నాకు తెలీదు. ఇక్కడి గాలికి మాత్రం మిమ్మల్నే అడగాలి."

అయినా బట్టీ ఆగలేదు.

మరుసటి ఏడు బట్టీ చుట్టుపక్కల మామిడికాయల కొనలు నల్లబడ్డాయి. ఆసామి సొంత తోట కూడా అక్కడే. మార్కెట్లో ఆ కాయను ఎవరూ ముట్టుకోలేదు. పొగవల్లేనని మాస్టారు చెబితే ఈసారి మారుమాట్లాడకుండా నమ్మాడు, బట్టీ ఆర్పించేశాడు. వీధిలో మనిషికి ఊపిరాడకపోతే పట్టనివాడికి కాయ ముక్కు నల్లబడగానే సైన్సు అర్థమైపోయింది!

నాకు వాడి మొహాన ఉమ్మేయాలనిపించింది. మాస్టారితో అదే అన్నాను.

"ఎందుకాగితే ఏంరా, ఆగింది కదా" అన్నారాయన. అంత మంచితనం నాకు లేదు. సభలో వాడి ప్రసంగం విన్నాక ఇక రాదు కూడా.

బట్టీ చల్లారాక ఒక మధ్యాహ్నం పిన్నిగారు వరండాలో చాప మీద వెల్లకిలా నిద్రపోతున్నారు. మాస్టారు మెట్టు మీద కూర్చుని, వీధిలో వచ్చేపోయే సైకిళ్ల వాళ్లను బెల్లు కొట్టొద్దని చేత్తో సైగ చేస్తున్నారు.